ప్యారడైజ్ గోడల్లో ఉన్ని దండగ అనేవాళ్లకు

2018 నవంబర్ 8 తెల్లవారుజామున ఉత్తర కాలిఫోర్నియాలోని ఫెదర్ నది లోయలో, పీజీ అండ్ ఈ కరెంటు కంపెనీ హైటెన్షన్ లైనుకు ఉన్న దాదాపు నూరేళ్ల నాటి ఇనుప కొక్కెం అరిగి తెగిపోయింది. తీగ టవరుకు తగిలింది, కింద ఎండుగడ్డి అంటుకుంది. పైన జార్బో గ్యాప్ అనే కనుమ నుంచి వీచే ఈదురుగాలి. రెండు గంటలు తిరక్కముందే కొండ మీది ప్యారడైజ్ ఊళ్లో ఇళ్లు కాలుతున్నాయి. 85 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది అరవై అయిదు దాటినవాళ్లు. 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. 26 వేల మంది బతికిన ఊళ్లో 2020 జనగణన నాటికి లెక్కకొచ్చింది 4,764 మంది. అదే ఏడాది ఆ కంపెనీ కోర్టులో 84 నరహత్య నేరాలు ఒప్పుకుంది.

ఊరు మళ్లీ లేస్తోంది. మూడు వేలకు పైగా ఇళ్లు కొత్తగా వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ఆ ఇళ్లతోపాటు ఒక వాదన కూడా గట్టిపడింది. ప్యారడైజ్‌లోనే కాదు, కార్చిచ్చు తగిలిన ప్రతి ఊళ్లోనూ కాంట్రాక్టర్లు, కౌన్సిలర్లు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు దాన్ని చెబుతున్నారు. ఫోల్సమ్, ఎల్ డొరాడో హిల్స్ కొండవాలుల్లో ఇళ్లు కొంటున్న మన తెలుగు కుటుంబాల మాటల్లోనూ అదే వినిపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకుందాం.

ఈ ఊళ్లకు శత్రువు నిప్పు. ఉన్న కాస్త డబ్బూ నిప్పుకు అడ్డం పెట్టాలి: అంటుకోని పైకప్పు, మూసిన చూరు, ఇంటి చుట్టూ అయిదడుగుల ఖాళీ. ఇన్సులేషన్, అంటే గోడల్లో, పైకప్పు కింద వేసే ఉన్నిలాంటి పొర, కరెంటు బిల్లుకు సంబంధించిన సంగతి. వాతావరణ మార్పు మీద పట్టింపు ఉన్న ప్రభుత్వం పెట్టిన షరతు అది. సర్వం కోల్పోయినవాళ్ల నెత్తిన ఆ భారం మోపకూడదు, కనీసం వాళ్లకైనా మినహాయింపు ఇవ్వాలి. పైగా ఇన్సులేషనే అంటుకుంటుంది. ఇంటిని సందు లేకుండా బిగిస్తే లోపల ఊపిరాడదు. అయినా అంతటి మంట వచ్చినప్పుడు ఏ ఇల్లు మాత్రం ఆగుతుంది?

ఈ మాటల వెనక నొప్పి నిజం. చాలామందికి బీమా సొమ్ము ఇల్లు కట్టడానికి సరిపోలేదు. పీజీ అండ్ ఈ బాధితుల ట్రస్టుకు ఒప్పుకున్నది 13.5 బిలియన్ డాలర్లు, అందులో సగం కంపెనీ షేర్లు. డబ్బు విడతలు విడతలుగా వచ్చి, నిర్ధారించిన నష్టంలో 70 శాతం దరిదాపుల్లో ఆగింది. అలాంటి మనిషి ప్రతి డాలరుకూ లెక్క అడగడం న్యాయమే. కానీ ఆ నొప్పి నుంచి తీసిన తీర్మానం తప్పు. ఆ తప్పు చివరికి ఆ మనిషి మీదే పడుతుంది.

1. నిప్పు వేరు, ఇన్సులేషన్ వేరు అన్నది మొదటి పొరపాటు

వాదన మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది. కార్చిచ్చు అంటే ఎత్తయిన మంటల గోడ అని, అది అడవి లోంచి నడిచొచ్చి ఇళ్లను మింగుతుందని. ప్యారడైజ్‌లో ఆ తర్వాత తీసిన ఫొటోలు చూడండి. ఇల్లు పునాది దాకా బూడిద. ఆ బూడిద పక్కనే పైన్ చెట్టు, ఆకు పచ్చగానే ఉంది. అడవి మంట వచ్చి ఇంటిని తగలబెట్టి ఉంటే ముందు ఆ చెట్టు కాలాలి కదా. అక్కడ ఇళ్లను అంటించింది గాలికి కొట్టుకొచ్చిన నిప్పురవ్వలు, ఆ తర్వాత పక్కింటి వేడి. అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు జాక్ కోహెన్ ఈ సంగతి దశాబ్దాల క్రితమే చెప్పాడు. కెనడా వాయవ్య ప్రాంతంలో నిలువెత్తు అడవిని నిజంగా తగలబెట్టి, ఎదురుగా చెక్క గోడలు నిలబెట్టి చూశారు. పది మీటర్ల దూరంలోనివి కొన్ని అంటుకున్నాయి. ఇరవై మీటర్ల దూరంలోనివి అంటుకోలేదు.

కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది: రవ్వ ఇంట్లోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? పక్కింటి వేడి ఎక్కణ్ణుంచి లోపలికి వస్తుంది? రెండింటికీ జవాబు ఇంటి పై పొరలోనే ఉంది. పైకప్పు, అటక, గోడ, కిటికీ. ఇన్సులేషన్ ఉండేదీ ఆ పొరలోనే.

ముందు అటక సంగతి. అమెరికాలో మామూలు చెక్క ఇంటికి ఇన్సులేషన్‌ను సీలింగు మీద పరుస్తారు. దాని పైన అటక ఖాళీగా, బయటి గాలికి తెరిచి ఉంటుంది. ఇంట్లోంచి పైకి చేరే తేమ పోవాలి కాబట్టి చూరు కింద, కొప్పు దగ్గర గాలి సందులు పెడతారు. నియమం ప్రకారం అటక వైశాల్యంలో 150వ వంతు సందులుండాలి, కొన్ని షరతులు పాటిస్తే 300వ వంతు సరిపోతుంది. 1,500 చదరపు అడుగుల ఇంటికి 150వ వంతు అంటే పది చదరపు అడుగులు. ఆ పది అడుగుల ఖాళీని చూరు పొడవునా చిన్న చిన్న ముక్కలుగా పంచుతారు గనక కంటికి ఆనదు. ఈదురుగాలిలో రవ్వలు సరిగ్గా అక్కడికే చేరతాయి. లోపల ఎండిన దూలాలు, ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, పండక్కి దింపి మళ్లీ ఎక్కించే అట్టపెట్టెలు. ఇల్లు లోపలినుంచి కాలడం మొదలవుతుంది. బయట చూస్తే పైకప్పు చెక్కు చెదరకుండా ఉంటుంది. వీధిలో ఫైరింజన్ ఉన్నా ఆ ఇల్లు కాలుతోందని కాసేపటిదాకా ఎవరికీ తెలియదు.

ఆ సందులకు జాలీ కొట్టాలని కాలిఫోర్నియా నియమం చెబుతుంది. రంధ్రం అంగుళంలో ఎనిమిదో వంతు మించకూడదు, పదహారో వంతుకు తగ్గకూడదు. ఎనిమిదో వంతు రంధ్రంలోంచి కూడా సన్న రవ్వలు దూరతాయి. అందుకే రవ్వను, మంటను ఆపేలా పరీక్షించిన వెంట్లు వచ్చాయి. ఇంకో దారి కూడా ఉంది. ఇన్సులేషన్‌ను సీలింగు మీద కాకుండా పైకప్పు వాలు వెంబడి వేస్తే అటక ఇంట్లో భాగం అవుతుంది. అప్పుడు గాలి సందుల అవసరమే ఉండదు, రవ్వ దూరే దారి పూర్తిగా మూసుకుపోతుంది. తేమ లెక్క తెలిసినవాడు చెయ్యాల్సిన పని అది, అడ్డగోలుగా చేస్తే పైకప్పు చెక్క కుళ్లుతుంది. అయితే ఇక్కడ గమనించాల్సిందొకటి ఉంది. ఇంటికి రవ్వలు దూరే సందులు ఉండాలా వద్దా అన్నది ఇన్సులేషన్ ఎక్కడ వేశారన్న దాన్ని బట్టే తేలుతోంది. నిప్పు సంగతి వేరు, ఇన్సులేషన్ సంగతి వేరు అనేవాళ్లు ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పాలి.

కిటికీకి వద్దాం. పక్కిల్లు కాలుతుంటే గోడకంటే ముందు లొంగేది గాజు. ఒంటి గాజు ఆ వేడికి పగులుతుంది. పగిలిన క్షణం నుంచి కర్టెను, సోఫా, మంచం అన్నీ ఆరుబయట ఉన్నట్టే. రెండు గాజుల కిటికీలో బయటి గాజు పగిలినా లోపలిది కొంతసేపు నిలుస్తుంది. రెండింటిలో ఒకటి టెంపర్డ్ గాజయితే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. కార్చిచ్చు ప్రాంతాలకు పెట్టిన నిర్మాణ నియమం అడిగేది ఇదే. ఇంధన నియమం అడిగేదీ రెండు గాజుల కిటికీయే. కాలిఫోర్నియా బీమా శాఖ కార్చిచ్చు జాగ్రత్తలు తీసుకున్న ఇంటికి ప్రీమియం తగ్గించాలని 2022లో నియమం తెచ్చింది. ఆ జాగ్రత్తల్లో రవ్వను ఆపే వెంట్లు ఉన్నాయి, ఒకటికి మించిన గాజుల కిటికీలు ఉన్నాయి. బీమా కంపెనీ ధర్మానికి డబ్బు వదులుకోదు.

ఇక గోడ. ప్యారడైజ్ ఉన్న వాతావరణ మండలానికి 2019 నాటి రాష్ట్ర ఇంధన నియమావళి మామూలు పద్ధతిగా చూపించిన గోడ ఇలా ఉంటుంది. ఆరంగుళాల నిలువు చట్రం మధ్య ఆర్-21 ఇన్సులేషన్ (ఆర్ అంటే వేడిని అడ్డుకునే శక్తికి కొలత). దాని బయట చెక్క పలక మీద ఆర్-5 విలువగల మరో పొర, తెగకుండా ఇల్లంతా చుట్టి. ఆపైన బయటి రేకో పలకో. ఆ బయటి పొర మందం అంగుళం, అంగుళంపావు. పక్కింటి వేడి మొదట తగిలేది సరిగ్గా అక్కడే. అక్కడ రాతిఉన్ని (రాయిని కరిగించి తీసిన పోగుల) పలక పెడితే చెక్కకూ మంటకూ మధ్య కాలని పదార్థం ఒకటి అడ్డం ఉంటుంది. మినహాయింపు ఇస్తే ముందు ఎగిరిపోయేదీ ఆ పొరే.

2. ఇన్సులేషనే అంటుకుంటుంది కదా

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న జరిగిన అగ్నిప్రమాదం 72 మందిని బలితీసుకుంది. అక్కడ మంట పైకి పాకడానికి ప్రధాన కారణం బయట బిగించిన అల్యూమినియం పలకల నడుమ ఉన్న పాలిఎథిలీన్ అని విచారణ తేల్చింది. వెనక ఉన్న ఫోమ్ ఇన్సులేషన్ కూడా మంటకు తోడైంది. అది చూసినవాళ్లు గోడలో ఏం పెడుతున్నారని అడగడం తెలివైన పని.

అయితే జవాబు వినకుండా వెళ్లిపోవడం తెలివి కాదు. ఇన్సులేషన్ అనేది ఒక్క వస్తువు కాదు. థర్మోకోల్ రకం ఫోమ్ వంద డిగ్రీలు దాటేసరికి మెత్తబడి కరుగుతుంది, ఆపైన మండుతుంది. పాలిఐసో రకం కరగదు కానీ బొగ్గవుతుంది, పొగ కక్కుతుంది. పాత న్యూస్‌పేపరు గుజ్జుతో చేసే సెల్యులోజ్‌కు బోరేట్ కలుపుతారు. అది భగ్గున మండదు కానీ రవ్వ పడితే లోలోపల రాజుకోగలదు, అందుకే తెరిచిన అటకలో దానికి నేను మొగ్గు చూపను. గాజుఉన్ని మండదు, వేడి ఎక్కువైతే మెత్తబడి కుంగుతుంది. రాతిఉన్ని వెయ్యి డిగ్రీల దాకా నిలుస్తుంది. ఇన్ని తేడాలు ఉన్న చోట అంతా అంటుకునేదే అనడం వాదన అనిపించుకోదు.

చాలా గాజుఉన్ని చాపలకు ఒక వైపు గోధుమరంగు కాగితం అతికించి వస్తుంది. ఆ కాగితం మీదే కంపెనీవాళ్లు అచ్చు వేస్తారు: ఇది మండుతుంది, బయటికి కనబడేలా వదలొద్దు అని. చాపను చట్రంలో బిగించి, జిప్సం బోర్డు ఆనించి కొడితే ఆ కాగితం వల్ల ప్రమాదం లేదు. కానీ అటకలో చాలాచోట్ల ఆ కాగితం పైకి కనబడుతూ ఉంటుంది. కరెంటు పెట్టె వచ్చినచోట చాపను కత్తిరించకుండా వెనక్కి నొక్కేస్తారు, పైనా కిందా రెండు వేళ్ల సందు మిగిలిపోతుంది. ఆ సందు వేడికి దారి, పొగకు దారి. ఇవన్నీ పనితనంలో లోపాలు. బోర్డు కొట్టకముందు ఇన్‌స్పెక్టరు టార్చిలైటు పట్టుకుని చూస్తే పది నిమిషాల్లో తేలతాయి. లోపం కనబడిందని అసలు వస్తువునే మానెయ్యమంటే, వైరింగ్ సరిగ్గా చేయని ఇళ్లు ఉన్నాయని కరెంటే వద్దనాలి.

ఇంతకూ ఇన్సులేషన్ తీసేస్తే గోడలో మిగిలేదేమిటి? ఖాళీ. రెండు నిలువు కర్రల మధ్య ఉన్న ఖాళీ, మంట లోపలికి దిగిందంటే పొగగొట్టంలా పనిచేస్తుంది. ఇన్సులేషన్ అంటుకుంటుంది అని వాదించేవాళ్లు ఎవరూ వినైల్ సైడింగ్ వద్దనడం లేదు, చెక్క డెక్కు వద్దనడం లేదు. ఫోమ్‌ను నిషేధించమని కూడా అడగడం లేదు. వాళ్లు అడిగేది నియమం సడలించమని. నియమం సడలితే మార్కెట్లో అన్నిటికంటే చవకైనది గోడలోకి చేరుతుంది. చవకైనది రాతిఉన్ని కాదు. మంటకు భయపడి మొదలుపెట్టిన వాదన చివరికి మంటకు తేలిగ్గా లొంగే ఇంటిని కట్టిస్తోంది.

3. బిగించిన ఇంట్లో ఊపిరాడదన్నది

బే ఏరియాలో ఉన్న తెలుగు కుటుంబాలకు 2018 నవంబర్ రెండో, మూడో వారాలు గుర్తుంటాయి. మంట 200 కిలోమీటర్లకు పైగా అవతల ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో గాలి నాణ్యత సూచీ 200 దాటింది. నవంబర్ 16న ఆ ప్రాంతంలో చాలా జిల్లాల్లో బడులు మూసేశారు. పిల్లల్ని ఇంట్లో పెట్టి కిటికీలు వేసుకున్నారు. అయినా ఇంట్లో పొగవాసన పోలేదు. పొగ కిటికీలోంచి ఒక్కదాన్నుంచే రాదు కదా. తలుపు చట్రం చుట్టూ, ప్లగ్గు పాయింట్ల వెనక, సీలింగు లైట్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి వస్తుంది. పొగలోని సన్న కణం రెండున్నర మైక్రాన్ల లోపే, దాన్ని ఆపాలంటే సందు లేకుండా ఉండాలి. ఆ పొగ ఒట్టి కట్టెల పొగ కూడా కాదు. ఇళ్లు, కార్లు, పెయింట్లు, పైపులు కాలిన పొగ. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు తర్వాత చేసిన విశ్లేషణలో ఆ గాలిలో సీసం, జింకు మామూలుకంటే ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

కొండ మీద ఉన్నవాళ్లకు ఇది ఒకసారి వచ్చి పోయిన కష్టం కాదు. 2020లో నార్త్ కాంప్లెక్స్ మంట బెర్రీ క్రీక్ ఊరిని తుడిచిపెట్టింది. 2021 జూలైలో అదే ఫెదర్ నది లోయలో మొదలైన డిక్సీ మంట 9 లక్షల 60 వేల ఎకరాలు దాటింది. 2024 జూలైలో చికో పట్నం పార్కు దగ్గర మొదలైన పార్క్ మంట 4 లక్షల 29 వేల ఎకరాలు. మూడూ ప్యారడైజ్ చుట్టుపట్లవే. మూడుసార్లూ ఊరు కాలలేదు, మూడుసార్లూ ఆ ప్రాంతమంతా పొగ కమ్మింది. ప్యారడైజ్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న మనిషి మంటను మళ్లీ చూస్తాడో లేదో ఎవరూ చెప్పలేరు. పొగను మాత్రం చూస్తాడు, వారాల తరబడి. ఉబ్బసం ఉన్న ముసలివాళ్లకు ఆ వారాలే ప్రాణాంతకం.

మంచి ఇన్సులేషన్ పనిలో సగం సందులు మూసే పనే. చాప ఎంత మందంగా వేసినా పక్కనుంచి గాలి పోతుంటే అది దండగే. మూశారో లేదో తేల్చడానికి పరీక్ష ఉంది. వీధి తలుపులో పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లోంచి గాలి లాగుతారు, సందుల్లోంచి మొత్తం ఎంత గాలి లోపలికి వస్తుందో కొలుస్తారు. చెయ్యి అడ్డం పెడితే ప్లగ్గు పాయింటు దగ్గర కూడా చల్లగాలి తగులుతుంది. పరీక్షలో నెగ్గిన ఇంటికి గాలి ఆడదా? ఆడుతుంది, మనం అనుకున్న దారిలో. కొత్త ఇళ్లలో గాలి మార్చే ఫ్యాను ఉండి తీరాలని కాలిఫోర్నియా నియమమే చెబుతుంది. 2020 నుంచి మెర్వ్-13 ఫిల్టరు కూడా ఉండాలి, పొగ కణాలను బాగా పట్టే రకం అది. సందులున్న ఇంటికి ఆ ఫిల్టరు ఎంత మంచిది పెట్టినా పనిచేయదు. గాలి దాన్ని తప్పించుకుని గోడ సందుల్లోంచి వస్తుంది. ఈదురుగాలి రోజుల్లో కంపెనీ ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తుంది, అప్పుడు ఫ్యాను ఆగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సందులు లేని ఇల్లు లోపలి గాలిని ఎక్కువసేపు శుభ్రంగా, లోపలి వేడిని లేదా చల్లదనాన్ని ఎక్కువసేపు నిలిపి ఉంచుతుంది. ఊపిరాడదని భయపడేవాళ్లు ముందు పొగరోజుల్లో తమ పాత ఇంట్లో ఊపిరి ఎలా ఆడిందో గుర్తుచేసుకోవాలి.

4. ఖర్చు

అసలు వాదన ఇది, మిగతావన్నీ దీనికి తోడు తెచ్చుకున్నవి. కాబట్టి ఇక్కడ ఇంకా గట్టిగా మాట్లాడాలి.

కొలరాడోలో రాకీ కొండల పాదాన ఉన్న లూయివిల్ ఊరు 2021 అక్టోబర్‌లో కొత్త ఇంధన నియమావళి పెట్టుకుంది. డిసెంబర్ 30న మార్షల్ మంట ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా 1,084 ఇళ్లను కాల్చేసింది. కొన్ని వారాల్లోనే ఒక అంకె ఊరంతా తిరిగింది: కొత్త నియమాలతో ఒక్కో ఇంటికి లక్ష డాలర్ల దాకా అదనం. కౌన్సిల్ తలొగ్గింది. ఇల్లు కాలినవాళ్లు పాత నియమాల ప్రకారమే కట్టుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఆ అంకెలో ఏమేం కలిపారో, ఎవరి ఇంటి అంచనాలోంచి తీశారో నిదానంగా విడదీసి చూసేలోపే నిర్ణయం జరిగిపోయింది. అదే సమయంలో అక్కడి కరెంటు కంపెనీ ఎక్సెల్, ఇంధనం ఆదా చేసే ఇళ్లు కట్టుకునేవాళ్లకు సాయం ప్రకటించింది. కనీసం 7,500 డాలర్లు, అతి తక్కువ ఇంధనంతో నడిచే పాసివ్ హౌస్ ప్రమాణం అందుకుంటే 37,500. సాయం దారి తెరిచే ఉంది. కౌన్సిల్ ఎంచుకున్నది మాత్రం మినహాయింపు దారి.

ఈ వాదనలోని అసలు లోటు ఇది. డబ్బు చాలదు అన్నది నిజమైతే కోరవలసింది డబ్బు. గోడ తగ్గించమని కోరితే డబ్బు ఇవ్వాల్సినవాళ్లు తప్పించుకుంటారు. ప్రభుత్వానికి మినహాయింపు ఇవ్వడం చాలా చవక, ఒక తీర్మానం రాస్తే సరిపోతుంది. బీమా కంపెనీకి అది లాభం, తక్కువ కట్టినా ఇల్లు నియమం ప్రకారమే ఉందనొచ్చు. ఇల్లు కట్టి అమ్మి వెళ్లిపోయే బిల్డరుకు కూడా లాభమే. మిగిలింది ఆ ఇంట్లో ఉండే మనిషి. ఆయనకు ఒరిగింది మొదటి రోజు తగ్గిన కొంత మొత్తం. ఆయన మీద పడింది యాభై ఏళ్ల బిల్లు.

ఆ బిల్లు చిన్నది కాదు. పీజీ అండ్ ఈ యూనిట్ ధర 2025లో 40 సెంట్ల దరిదాపుల్లో ఉండేది, అప్పటి అమెరికా సగటుకు రెండింతలకు పైనే. ప్యారడైజ్‌లో వేసవి పగళ్లు మండుతాయి, చలికాలంలో అప్పుడప్పుడు మంచు పడుతుంది. ఏసీ, హీటరు రెండూ తప్పవు. ఏ కంపెనీ కొక్కెం తెగి ఊరు కాలిందో ఆ కంపెనీకే, ఇన్సులేషన్ తక్కువైన గోడలోంచి కారిపోయే ప్రతి యూనిట్‌కూ ఆ ఊరివాళ్లు డబ్బు కడుతూ ఉండాలి. బాధితుల తరఫున మాట్లాడుతున్నామంటూ ఈ ఏర్పాటును సమర్థించేవాళ్లు దీన్ని ఒక్కసారి బాధితుల ముఖం మీద చెప్పి చూడాలి.

తర్వాత వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోలేరు. గోడ తెరిచి ఉండేది ఇంటి జీవితంలో ఒక్కసారే. చట్రం లేచి, వైర్లు, పైపులు వేసి, జిప్సం బోర్డు ఇంకా కొట్టని ఆ కొద్ది వారాలు. అప్పుడు రాతిఉన్ని చాపకూ గాజుఉన్ని చాపకూ ధరలో ఉన్న తేడా మాత్రమే అదనం, కూలి రెండింటికీ దాదాపు ఒకటే. బోర్డు కొట్టి పెయింటు వేశాక అదే పని చెయ్యాలంటే గోడ పగలగొట్టాలి, లేదా బయటి పలకలన్నీ ఊడదీసి మళ్లీ బిగించాలి. పింఛనుతో బతికే దంపతులు డెబ్భై ఏళ్ల వయసులో ఆ పని పెట్టుకుంటారని ఎవరైనా నమ్మగలరా? కిటికీలు తర్వాత మార్చుకోవచ్చు, పొయ్యి మార్చుకోవచ్చు, పైన సోలార్ పలకలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. అందుకే విపత్తులో ఇల్లు పోయినవాళ్లకు కొన్నేళ్లపాటు సోలార్ నియమం నుంచి రాష్ట్రం ఇచ్చిన మినహాయింపును నేను తప్పుపట్టను. గోడ అలాంటిది కాదు.

మన తెలుగువాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొండవాలులో కొత్త ఇల్లు బుక్ చేసినప్పుడు బిల్డరు అప్‌గ్రేడ్ల జాబితా చేతికిస్తాడు. వంటింటి గట్టుకు క్వార్ట్జ్, నేలకు గట్టి చెక్క, పూజగదికి వేరే తలుపు. వేలకు వేలు అక్కడ పోతాయి. గోడలో ఏ ఉన్ని వేస్తున్నారు, అటకకు ఏ వెంటు పెడుతున్నారు, ఫ్యాను పరీక్షలో ఎంత వచ్చింది అని అడిగేవాళ్లు అరుదు. 2021లో కాల్డోర్ మంట ఎల్ డొరాడో కౌంటీలో గ్రిజ్లీ ఫ్లాట్స్ ఊరిని చాలావరకు బూడిద చేసింది. ఆ కౌంటీలోనే మనవాళ్లు ఇళ్లు కొంటున్నారు. ఖర్చు ఎక్కువ అనే మాట వాళ్ల నోట వినడం నాకు మింగుడుపడదు. ప్యారడైజ్ విధవరాలి కష్టాన్ని ఫోల్సమ్ ఇంజనీరు తన సాకుగా వాడుకోకూడదు.

2025 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటలు 16 వేలకు పైగా కట్టడాలను కాల్చాక నియమాలు సడలించాలన్న ఈ ఆలోచన రాష్ట్రమంతటికీ పాకింది. ఆ జూన్‌లో చేసిన చట్టం ఇళ్ల నిర్మాణ ప్రమాణాలను 2031 దాకా దాదాపు కదలకుండా ఆపేసింది. నిప్పునుంచి ఇంటిని గట్టిపరిచే నియమాలకు అందులో మినహాయింపు ఉంచారు. మొదట చెప్పిన పొరపాటు ఇప్పుడు చట్టంలోకి ఎక్కింది: నిప్పు ఒక ఖానా, ఇంధనం ఇంకో ఖానా. అటక సందు మూసే పని ఏ ఖానాలో పడుతుందో ఆ చట్టం రాసినవాళ్లు చెప్పాలి.

5. ఏ ఇల్లూ ఆగదన్నది

దీనికి అంకెలే చాలు. ప్యారడైజ్‌ను కాల్చిన ఆ మంటకు క్యాంప్ మంట అని పేరు, దాని మీద 2021లో అచ్చయిన పరిశోధనలో అక్కడి ఇళ్లను కట్టిన ఏడాదిని బట్టి చూశారు. 1997కు ముందు కట్టిన ఒంటి ఇళ్లలో మిగిలినవి 11.5 శాతం. 1997లోనూ ఆ తర్వాతా కట్టినవాటిలో 38.5 శాతం. కొత్త ఇళ్లలోనూ సగానికి పైగా కాలాయి, ఆ మాట దాచను. ఈ తేడా ఒక్క ఇన్సులేషన్ వల్ల వచ్చిందని ఎవరూ అనలేరు, నేనూ అనను. పైకప్పు, కిటికీ, చుట్టూ ఉన్న చెట్టూచేమా అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఎలా కట్టినా ఒకటే అన్నమాట మాత్రం ఆ అంకెల ముందు నిలవదు. అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. ఇల్లు మిగలడానికీ కాలడానికీ గట్టి సంబంధం ఉన్నవాటిలో ఒకటి, దగ్గర్లో కాలిన ఇల్లు ఎంత దూరంలో ఉందన్నది. అంటే నీ ఇల్లు అంటుకోకపోతే పక్కింటివాడి ఇల్లు మిగిలే అవకాశం పెరుగుతుంది. అలాంటప్పుడు తక్కువరకం గోడ కట్టుకోవడం ఒకరి సొంత వ్యవహారం అవదు. మినహాయింపు అడిగేవాడు తన తరఫునే కాక పక్కింటివాళ్ల తరఫున కూడా ప్రమాదాన్ని ఒప్పుకుంటున్నాడు, వాళ్లను అడక్కుండా.

కాబట్టి ప్యారడైజ్‌లోనూ, అలాంటి ప్రతి కొండ ఊళ్లోనూ కొత్త ఇంటికి ఇన్సులేషన్ నియమం ఒక్క అంగుళం కూడా తగ్గించకూడదు. తగ్గించడం మాట అటుంచి దాన్ని నిప్పు నియమంతో కలిపి ఒకే నియమంగా రాయాలి. బయటి పొరకు కాలని పదార్థం తప్పనిసరి చెయ్యాలి. అటకకు సందులు లేకుండా కట్టాలి, లేదా మంటను తట్టుకునేలా పరీక్షించిన వెంట్లు పెట్టాలి. బోర్డు కొట్టకముందు ఇన్‌స్పెక్టరు గోడ చూడాలి, ఇల్లు అప్పజెప్పేముందు ఫ్యాను పరీక్ష ఫలితం కాగితం మీద యజమాని చేతికివ్వాలి. ఆ అదనపు ఖర్చు భరించలేని ప్రతి బాధితుడికీ రాష్ట్రం కట్టాలి, కరెంటు కంపెనీ కట్టాలి. ఉన్ని ధర, కూలి, పరీక్ష రుసుము అన్నీ కలిపి, చట్రం లేచిన వారంలో చెక్కు ఆయన చేతిలో ఉండాలి.